ఊరు కదల్లేదు, తాలూకాలే కదిలాయి

భద్రాచలం పక్కనున్న ఏటపాకలో పెద్దలు చెప్పే కథ ఒకటుంది. రావణుడితో పోరాడి జటాయువు పడ్డ చోటు గనుక జటాయుపాక, అదే ఏటపాక అయిందని. దుమ్ముగూడెం కథా అంతే. రాముడు చంపిన రాక్షసుల బూడిదే ఆ దుమ్మట! పురాణం సంగతి ఎలా ఉన్నా, ఆ పేర్ల చివరి మాటను ఎవరూ పట్టించుకోరు. పాక అంటే గుడిసె. గూడెం అంటే అడవిబిడ్డల ఊరు. ఏటపాక, నెల్లిపాక, దుమ్ముగూడెం, కొత్తగూడెం – మొదట అక్కడ నిట్టాడు పాతిందెవరో పేరే చెబుతోంది. అశ్వారావుపేట పేరు మాత్రం పాల్వంచ దొరలది.

ఊరు ఉన్నచోటే ఉంది, పాలకుల గీతలే మారాయి. గోదావరి ఎడమ గట్టునున్న భద్రాచలం, రేకపల్లి, చర్ల, నూగూరు ప్రాంతాల్ని 1860లో నిజాం ఇంగ్లీషువాళ్లకు ఇచ్చేశాడు. అవి మధ్యపరగణాల కిందికి పోయాయి. 1874లో భద్రాచలం, రేకపల్లి తాలూకాల్ని మద్రాసు రాజధానిలోని గోదావరి జిల్లాకు మార్చారు. ఊరివాళ్లను అడిగినవాడు లేడు.

మార్పు కాగితం మీదే ఆగిందా? మధ్యపరగణాల హయాంలో పోడుకు గొడ్డలికి నాలుగణాలు పన్ను. మద్రాసు సర్కారు దాన్ని మూడింతలు చేసింది, కొన్నిచోట్ల పోడే కొట్టొద్దంది. 1879లో రంప పితూరీ రేకపల్లికి పాకిందంటే ఊరికే పాకలేదు. అదే ఏడాది ఐర్లండు కౌలు రైతులు భూస్వాములపై లాండ్ లీగు పెట్టుకున్నారు. అక్కడా అంతే, వాళ్ల భాషలో ఊరిని ‘బాల్యె’ అంటే సర్వే దొరలు పటాల్లో ‘బాలీ’ అని రాసుకున్నారు.

1959లో భద్రాచలం, నూగూరు తాలూకాలు ఖమ్మం జిల్లాకొచ్చాయి. 2014లో పోలవరం కోసం ఏడు మండలాల్ని ఆంధ్రలో కలిపారు. భద్రాచలం ఊరు తెలంగాణలో మిగిలింది, ఆనుకునున్న ఏటపాక పక్క రాష్ట్రమైపోయింది. రేకపల్లీ అటే. 2022లో మళ్లీ జిల్లా మారింది, అల్లూరి సీతారామరాజు పేరు పెట్టారు. కాగితం కోసం తిరిగే కూలీకి మాత్రం ప్రతిసారీ కొత్త ఆఫీసు, కొత్త గుమ్మం.

ఏ రాష్ట్రంలో పడినా 2006 అటవీ హక్కుల చట్టం ఒకటే. పోడు పట్టా అడిగితే సర్వే నంబరు కాగితం లేదని వెనక్కి పంపితే ఊరుకోకండి. చట్టం కింది నియమాల్లో పాత బావులు, సమాధులు, వేల్పుల గుళ్లు, పెద్దలు చెప్పి రాయించిన వాఙ్మూలం – ఇవన్నీ సాక్ష్యాలే. పాత గూడేనికి ఆ పేరెలా వచ్చిందో, ఏ వాగు పక్క ఎవరి తాత పోడు కొట్టాడో ముసలివాళ్లుండగానే గ్రామసభలో రాయించి, వేలిముద్ర వేయించండి.