ఇసుకలో దాగు సొర



సొరచేప యనగానే నీటిని చీల్చుకొని దూసుకొనిపోవు పొడవైన దేహము మన కన్నులయెదుట నిలుచును. క్షణమైనను ఈత మానినచో దానికి ఊపిరాడదని చెప్పుటయు కలదు. ఈ మాట అన్ని సొరలకును చెల్లదు. పగలెల్ల సముద్రపుటడుగున కదలక పరుండు సొర యొకటి కలదు. దానిని గూర్చియే నేటి ప్రసంగము.

దీని రొమ్మురెక్కలు పక్షి రెక్కలవలె ఇరుప్రక్కల విచ్చుకొనియుండును. అందుచే పాశ్చాత్యులు దీనిని దేవదూత సొర యనిరి. ముసుగు వేసికొన్న సన్యాసిని తలపించుటచే సన్యాసిచేప యనియు పిలిచిరి. దీని చర్మము మిక్కిలి గరుకు. పూర్వము కొయ్యను, దంతమును నునుపుచేయుటకు వాడిరి. కనుకనే ప్రాచీన గ్రీకులు దీనికి ఆకురాయి యను నర్థమిచ్చు పేరిడిరి. ఆడుది 2.4 మీటర్ల వరకు పెరుగును. మగది కొంత చిన్నది.

చూచుటకు బల్లపరుపుగా నుండి మన తీరమందలి టేకుచేపను బోలును. కాని జాతిచే సొరయే. టేకునకు మొప్పల చీలికలు పొట్టవైపున నుండును, రెక్కలు తలతో కలిసిపోవును. దీనికి చీలికలు తల ప్రక్కల నుండును, రెక్కలు తలనుండి విడివడియుండును.

దీని నివాసము ఇసుక, బురద గల సముద్రతలము. తీరము మొదలు సుమారు 150 మీటర్ల లోతువరకు నుండును. ఇసుకలో దేహమును పూడ్చుకొని కన్నులు మాత్రము పైకుంచును. కన్నుల వెనుక రెండు రంధ్రములు కలవు. వాని గుండ నీరు లోనికి గైకొని మొప్పలకు పంపును. అందుచే కదలకున్నను శ్వాస సాగును. చెరువుగట్టున కొంగ చేయు జపమే ఈ సన్యాసి జపమును! చేపగాని, పీతగాని దాపునకు వచ్చెనా, రెప్పపాటున తలయెత్తి నోట కరచుకొనును. రాత్రివేళ లేచి ఈదులాడును.

ఇది గ్రుడ్లను బయట పెట్టదు. గ్రుడ్లు తల్లి కడుపులోనే పొదుగబడి, 8 మొదలు 10 మాసములకు 7 మొదలు 25 వరకు పిల్లలు పుట్టును. వేలకొలది గ్రుడ్లు పెట్టు చేపలతో పోల్చిన నిది స్వల్పము. కావున తరిగిన సంతతి త్వరలో పూరింపబడదు.

పూర్వము నార్వే మొదలు ఆఫ్రికా వాయవ్యతీరము వరకును, మధ్యధరా సముద్రమునను ఇది విరివిగా నుండెడిది. పిమ్మట సముద్రపుటడుగును ఊడ్చుకొనిపోవు వలలు వచ్చెను. శత్రువు కంటబడకుండ కదలక దాగుటయే దీని బలము. వలకు కన్నులు లేవు గదా! ఆ బలమే దీనికి మృత్యువయ్యెను. ఉత్తరసముద్రమున నిది కానరాకుండ పోయెను. 2006లో అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంఘము దీనిని అత్యంత ప్రమాదస్థితి గల జాతులలో చేర్చెను. స్పెయిన్ ఏలుబడిలోని కానరీ ద్వీపములే నేడు దీనికి ముఖ్యమైన ఆశ్రయము. 2019లో ఆ ప్రభుత్వము అచటి సొరలకు శాసనరక్షణ నొసగెను.

విత్తనపు గింజలను వండుకొని తిన్న ఇంట మరుసటి యేడు పంట యుండదని మీరెరుగుదురు. సముద్రమును అట్టి గాదెయే. పెరుగుదల నెరిగి తీసికొన్న నది తరుగదు. అడుగంట ఊడ్చిన మరల నిండదు.