పొగకూ సంతానానికీ సంబంధం ఏమిటి?

పోచంపల్లి అనగానే అందరికీ చిటికి చీరలు గుర్తుకొస్తాయి. 1951లో వినోబా భావే వచ్చిన ఊరు, వంద ఎకరాల భూదానం జరిగిన ఊరు అని కూడా చెబుతారు. ఒకప్పుడు ఈ ఊరు నల్గొండ జిల్లాలో ఉండేది. 2016 నుంచి యాదాద్రి భువనగిరి జిల్లాలో ఉంది. ఇక్కడ నేత పని చేసే ఇళ్లలో మగ్గం, ఆసు, రంగుల కాగు కనపడతాయి. ఒక పక్క వంట పొయ్యి. ఇంకో పక్క రంగు నీళ్లు కాగే పొయ్యి. రెండూ కట్టెలతోనే మండిన ఇళ్లు చాలా ఉన్నాయి.

అలాంటి ఒక ఇల్లు అనుకోండి. కొడుకుకు పెళ్లై నాలుగేళ్లయింది. పిల్లలు లేరు. కోడలు ఆసు పోస్తూ కూర్చుంటే వాడకట్టు ఆడవాళ్లు గుసగుసలాడతారు. "గొడ్రాలు" అనే మాట ఎవరి నోటి నుంచో వస్తుంది. అత్త మొక్కులు మొక్కింది. తాయెత్తు కట్టించింది. కొడుకును మాత్రం ఎవరూ ఏమీ అడగలేదు.

ఒకనాడు నర్సమ్మ ఆ ఇంటికి వచ్చింది. ఇల్లంతా పొగ.

"ఈ పొగ కండ్లకే కాదు పెద్దమ్మా, కడుపు పండడానికి గూడ మంచిది కాదు" అంది.

అత్తకు కోపం వచ్చింది. "మా కాలంల పొయ్యి ముంగట కూసునే ఆరుగురిని కన్న. అప్పుడు లేని పొగ ఇప్పుడెక్కడి నుంచి వచ్చింది?"

అత్త అడిగింది మంచి ప్రశ్నే. జవాబు చెప్పాలంటే ముందు పొగలో ఏముందో చూడాలి.

పొగలో కంటికి కనపడని సన్నని నుసి ఉంటుంది. మన తల వెంట్రుక మందంలో ముప్పయ్యో వంతు కంటే చిన్నది. పెద్ద దుమ్ము ముక్కులో ఆగిపోతుంది. తుమ్మితే బయటికి పోతుంది. ఈ నుసి ఆగదు. ఊపిరితిత్తుల అడుగు దాకా పోతుంది. అందులో బాగా సన్నది రక్తంలో కూడా కలుస్తుంది. రక్తం పోని చోటు ఒంట్లో ఎక్కడుంది? గర్భసంచికీ పోతుంది. అండాలు ఉండే చోటికీ పోతుంది. మగవారి బీజాలకూ పోతుంది.

కట్టెలు, పిడకలు, పత్తికట్టె కాలినా, లారీలు పొగ వదిలినా, చెత్త తగలబెట్టినా ఈ నుసి పుడుతుంది. బీడీ పొగలోనూ ఇదే ఉంటుంది. చిత్రం ఏమిటంటే, ఊరి గాలి మంచిదనీ, పట్నం గాలే చెడ్డదనీ మనం అనుకుంటాం. హైదరాబాదుకు ఆగ్నేయంగా ఉన్న 28 ఊళ్లలో పరిశోధకులు గాలిని కొలిచారు. అవి పోచంపల్లికి దూరం కాని ఊళ్లే. మీటరు పొడవు, మీటరు వెడల్పు, మీటరు ఎత్తు ఉన్న గాలిలో ఏడాది సగటున సుమారు 33 మైక్రోగ్రాముల నుసి తేలింది. మైక్రోగ్రాము అంటే గ్రాములో పది లక్షల వంతు. మన దేశం పెట్టుకున్న హద్దు 40. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పిన హద్దు 5 మాత్రమే. ఆ ఊళ్లలో సగం మందికి పైగా కట్టెల వంటి వాటితోనే వండుతున్నారు. 2020లో వచ్చిన ఆ పరిశోధన ఎముకల బలం గురించి చేసింది, సంతానం గురించి కాదు. కానీ మన గాలి ఎలా ఉందో దాని వల్ల తెలిసింది.

మరి నుసి ఒంట్లో ఏం చేస్తుంది? గాలి తగిలి ఇనుముకు తుప్పు పడుతుంది కదా. దాదాపు అలాంటి చెరుపే లోపల జరుగుతుంది. మగవారిలో వీర్యకణాల సంఖ్య తగ్గవచ్చు. వాటి నడక మందగించవచ్చు. వాటిలోని వంశపదార్థం దెబ్బతినవచ్చు. ఆడవారి సంగతి వేరు. ఆడపిల్ల తన అండాలన్నిటితోనే పుడుతుంది. తరువాత కొత్తవి తయారు కావు. పోయినవి పోయినట్టే. పొగ తాగే ఆడవారికి ముట్లు ముందుగానే ఆగిపోతాయని డాక్టర్లకు చాలా కాలంగా తెలుసు.

డెన్మార్క్ దేశంలో లక్షల మంది వివరాలు పరిశీలించి 2024లో ఒక సంగతి చెప్పారు. సన్నని నుసి ఎక్కువ ఉన్న చోట బతికే మగవారిలో సంతానలేమి ఎక్కువగా కనపడింది. మగవారిలో అన్నారు, చూడండి. పిల్లలు కలగని జంటల్లో దాదాపు సగం జంటల్లో మగవారి లోపం కూడా ఉంటుంది. అయినా ఆ మాట పడేది ఆడది ఒక్కతే.

ఇక అత్త ప్రశ్న. పొగ అందరికీ సంతానం ఆపదు. అవకాశాన్ని కొంచెం తగ్గిస్తుంది. బలంగా ఉన్నవారు తట్టుకుంటారు. వయసు మీద పడినవారికి, ముందే ఏదో లోపం ఉన్నవారికి ఆ కొంచెమే పెద్ద అడ్డం అవుతుంది. బీడీ తాగిన ప్రతి ఒక్కరికీ కేన్సర్ రాదు. అలాగని బీడీ మంచిదంటామా? ఇంకో మాట. ఆ కాలంలో ఆరుగురిని కన్నవాళ్లు అందరికీ గుర్తున్నారు. కనలేక పుట్టింటికి పోయినవాళ్లు, సవతిని భరించినవాళ్లు ఎంతమందో ఎవరు లెక్క పెట్టారు?

నర్సమ్మ ఈ మాట అడిగితే అత్త మాట్లాడలేదు. ఆమె చెల్లెలు ఒకామె అలాగే పుట్టింటికి వచ్చింది.

పిల్లలు లేనివారికి ఇప్పుడు వైద్యం ఉంది. టెస్ట్ ట్యూబ్ బేబీ అంటారు. అండాన్ని బయటికి తీసి, వీర్యకణంతో కలిపి, పిండం తయారయ్యాక గర్భసంచిలో పెడతారు. మొదటి బిడ్డ 1978 జూలైలో ఇంగ్లండులో పుట్టింది. అదే ఏడు అక్టోబరు 3న కలకత్తాలో డాక్టర్ సుభాష్ ముఖోపాధ్యాయ్ చేతి మీదుగా మన దేశపు మొదటి పాప పుట్టింది.

పిండం బయట ఉండేది మూడు నుంచి ఆరు రోజులే. అయినా ఆ ల్యాబులో గాలిని జల్లెడ పట్టినట్టు వడకడతారు. అక్కడ పనిచేసేవారు సెంటు కూడా పూసుకోరాదు. ఎందుకంటే పిండానికి చర్మం లేదు, ఊపిరితిత్తులు లేవు, విషాన్ని విరిచే కాలేయం లేదు. వాసన కూడా దానికి దెబ్బే.

ల్యాబు గాలి శుభ్రంగా ఉంటే చాలా? చాలదు. అమెరికాలో 2000 నుంచి 2007 దాకా ఈ వైద్యం చేయించుకున్న 7,403 మంది ఆడవారిని గమనించారు. బండ్ల పొగలో ఉండే నైట్రోజన్ డయాక్సైడ్ ఎక్కువైన చోట బిడ్డ పుట్టే అవకాశం తగ్గింది. ఆస్ట్రేలియాలోని పెర్త్ నగరంలో ఇంకో సంగతి తేలింది. అక్కడ పిండాలను గడ్డకట్టించి దాచి, తరువాత గర్భంలో పెట్టారు. అందువల్ల అండం తీసేనాటి గాలిని, పిండం పెట్టేనాటి గాలిని వేరువేరుగా లెక్కించగలిగారు. అండం తీయడానికి ముందు రెండు వారాల్లో దుమ్ము బాగా ఎక్కువ ఉన్నవారికి బిడ్డ పుట్టే అవకాశం బాగా తక్కువగా కనపడింది. 2024లో ఈ సంగతి బయటపెట్టారు. పెర్త్ గాలి మన గాలి కంటే ఎంతో మంచిది. అక్కడే ఇలా ఉంది.

ఇవన్నీ లెక్కల మీద కనపడిన సంబంధాలు. ఒక ఇంట్లో పిల్లలు లేకపోవడానికి పొగే కారణం అని ఎవరూ చెప్పలేరు. నాళాలు మూసుకుపోవడం, హార్మోన్లు, వయసు, ఇంకా ఎన్నో ఉంటాయి. అందుకే పరీక్ష కావాలి. పెళ్లై కలిసి ఉంటూ ఏడాది దాటినా గర్భం రాకపోతే ఇద్దరూ డాక్టరు దగ్గరికి పోవాలి. ఆమెకు 35 ఏళ్లు దాటితే ఆరు నెలలకే పోవాలి. మగవారి పరీక్ష సులువు. కోత లేదు, సూది లేదు. ముందు అది చేయించుకుంటే ఆడవారికి ఎన్నో బాధలు తప్పుతాయి. 2023లో సికింద్రాబాదు గాంధీ ఆసుపత్రిలో సర్కారు సంతాన కేంద్రం తెరిచింది. ప్రైవేటు ఆసుపత్రికి పోతే 2021 చట్టం కింద రిజిస్టరైందా అని అడగండి. నూలు కోసం తెచ్చిన అప్పు మీద ఇంకో అప్పు చేసే ముందు ఈ మాట అడగడం తప్పు కాదు.

గ్యాసు సంగతి కూడా చెప్పాలి. 1999లో దీపం పథకం వచ్చింది. 2016లో ఉజ్వల వచ్చింది. చాలా ఇళ్లకు సిలిండరు చేరింది. కానీ ధర చూసి కూర గ్యాసు మీద, అన్నమూ స్నానం నీళ్లూ కట్టెల మీద చేసేవారు ఉన్నారు. తప్పు వాళ్లది కాదు. అలాంటప్పుడు కట్టెల పొయ్యినీ, రంగుల పొయ్యినీ ఇంట్లో నుంచి పెరట్లోకి మార్చవచ్చు. ప్లాస్టిక్కు, రంగు నూలు ముక్కలు పొయ్యిలో వేయకుండా ఉండవచ్చు. వీర్యకణం తయారు కావడానికి రెండున్నర నెలలు పడుతుంది. అంటే ఇవాళ బీడీ మానేస్తే మూడు నెలల్లో మేలు మొదలు కావచ్చు.

నర్సమ్మ పోయిన రెండో రోజు ఆ ఇంట్లో రంగుల పొయ్యి పెరట్లోకి పోయింది. రాళ్లు మోసింది కొడుకు. వచ్చే సోమవారం భువనగిరి దవాఖానకు పోదామని కోడలు అంది. అతను కాసేపు ఊరుకున్నాడు.

"పోనీరా, నువ్వు గూడ పరీక్ష చేయించుకో" అంది అత్త.