పిట్టల్ని చూడండి, మాత్రలు మానకండి

“మాత్రలు మానేసి నెలయిందండీ. బస్సులో పిట్టల్ని చూస్తే చాలని మీరే చెప్పారటగా!”

ఈ మాట నాతో అన్నది బ్రాడీపేటలో మా వీధి గుమాస్తాగారి భార్య. పక్కన మంచం మీద ఆయన. మూతి ఒక పక్కకు పోయింది, కుడిచెయ్యి లేవటం లేదు, మాట ముద్దగా వస్తోంది. రక్తపుపోటు 200 దాటింది.

పిట్టల్ని చూడమన్నది నేనే, అబద్ధమెందుకు? మాత్రలు మానమనలేదు. కాని మానవద్దని కూడా విడిగా చెప్పలేదు. ఆ రోజు వదిలేసిన సగాన్ని కూడా ఇవాళ కలిపి మీకు చెబుతున్నాను.

ఉద్యోగరీత్యా నేను రోజూ గుంటూరు నుంచి నరసరావుపేట వైపు బస్సులో వెళ్తాను. ఇదివరలో ఎక్కింది మొదలు దిగేదాకా తల వంచుకుని ఫోను చూసేవాణ్ణి. దిగేసరికి తలనొప్పి, మెడ పట్టేయటం, కడుపులో వికారం. మీకూ ఇది అనుభవమే అయివుంటుంది. కారణం తేలికే. కదులుతున్నామని లోపలి చెవి మెదడుకు కబురు పంపుతుంది. కన్ను మాత్రం ఎదుట కదలని అక్షరాల్ని చూపిస్తుంది. ఈ రెండు కబుర్లకూ పొత్తు కుదరక వికారం పుడుతుంది. పైగా దగ్గరి వస్తువును చూసేటప్పుడు కంటిలోపలి కండరం బిగిసే వుంటుంది. ఇరవై అడుగులకు అవతల చూస్తేనే దానికి విశ్రాంతి. రెప్పలు కొట్టటం కూడా తగ్గిపోయి కళ్ళు మండుతాయి.

ఒకరోజు ఫోను చార్జింగు అయిపోయింది. గత్యంతరం లేక కిటికీలోంచి చూశాను. పేరేచర్ల దాటాక కరెంటు తీగ మీద చీలిన తోకతో ఒక నల్లపిట్ట. ఏట్రింత. చూస్తూండగానే పత్తిచేలోకి దూకి, పురుగును పట్టుకుని మళ్ళీ అదే తీగ మీదికి వచ్చింది. పత్తిలో, మిర్చిలో పురుగుల్ని తినే పిట్టలు వాలేందుకు కొయ్యలు పాతమని వ్యవసాయశాఖవారు రైతులకు చెప్పేది ఇందుకే. పురుగుమందు తాగి, లేదా చల్లుతూ పీల్చి ఆస్పత్రికి వచ్చేవాళ్ళను చూసి చూసి, ఆ పిట్ట మీద నాకు ప్రత్యేకమైన అభిమానం కలిగింది. ఆ తరువాత పాలపిట్టను గుర్తుపట్టాను. వాలినప్పుడు మట్టిరంగు, ఎగిరితే రెక్కల్లో నీలం! దసరాకు దాన్ని చూడటానికి మన పెద్దలు పనిగట్టుకుని ఊరిబయటికి వెళ్ళేవారు. ఈతచెట్లకు గిజిగాడి గూళ్ళు, కుంటల్లో కొంగలు, లకుముకిపిట్టలు. ఫిరంగిపురం ఎప్పుడొచ్చిందో తెలిసేది కాదు. మెడనొప్పి పోయింది. చత్వారం మాత్రం పోలేదు, పోదు కూడా.

ఇది నా ఒక్కడి భ్రమ కాదు. లండన్ కింగ్స్ కాలేజీవారు 1292 మంది రోజువారీ అనుభవాలను పరిశీలించి 2022లో ఫలితాలు ప్రకటించారు. పక్షుల్ని చూసినా, కూత విన్నా మనసు తేలికపడుతోందని, ఆ గుణం ఎనిమిది గంటలదాకా నిలవవచ్చని తేలింది. మానసిక కుంగుబాటు వున్నవారిలోనూ అదే ఫలితం.

అయితే మనసు తేలికపడటం వేరు, రక్తపుపోటు వ్యాధి అదుపులో వుండటం వేరు. ఈ వ్యాధి చాలామందిలో ఏ బాధా కలిగించదు. బాధ లేదు కాబట్టి జబ్బు పోయిందనుకుంటారు. మాత్ర మానాలన్నా, తగ్గించాలన్నా పోటు చూసి డాక్టరు చెప్పాలి. మీకై మీరు మానకూడదు.

గుమాస్తాగారికి తెల్లవారుజామున కాఫీ గ్లాసు చేతిలోంచి జారింది. పడుకుంటే సర్దుకుంటుందని మధ్యాహ్నం దాకా ఆగారు. అదే అసలు నష్టం. మూతి వంకరపోయినా, చెయ్యి పడిపోయినా, మాట తడబడినా వెంటనే 108కి ఫోను చెయ్యండి. తలకు స్కాను తీసి, రక్తస్రావం కాదని తేలితే గడ్డను కరిగించే ఇంజక్షను ఇస్తారు. అది లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల లోపలే ఇవ్వాలి. ఆయనకు ఆ అవకాశం దాటిపోయింది. ఇప్పుడు కర్రసాయంతో నడుస్తున్నారు. చేతికి వ్యాయామం చేయిస్తున్నాం.

ఇక బస్సు ఎక్కేవారికి ఒక్క మాట. స్కూటరు నడిపేవారికి ఈ సరదా పనికిరాదు సుమా! ఫుట్‌బోర్డు మీద వేలాడేవారికీ అంతే. ఉదయం పడమటికి వెళ్ళేటప్పుడు కుడివైపు, సాయంత్రం తిరిగివచ్చేటప్పుడు ఎడమవైపు కూర్చోండి. అది ఉత్తరపు దిక్కు. ఎండ కంట్లో పడదు, పిట్ట రంగు బాగా కనిపిస్తుంది.