కన్యస్త్రీ జీవితం, దైవపిలుపు వివేచన: బోధన్ చక్కెర ప్రాంతం నేపథ్యంగా ఒక పరిశీలన

పదవిచారణ

తెలంగాణ వ్యవహారంలో 'కాన్వెంట్' అంటే ఇంగ్లిషు మీడియం బడి. కన్యస్త్రీలు నివసించే మఠమన్న మూలార్థం నిజామాబాద్, బోధన్ వంటి పట్టణాలలో దాదాపు మరుగున పడింది. క్రైస్తవులతో ఏ సంబంధమూ లేని ప్రైవేటు పాఠశాలను కూడా కాన్వెంటనే వ్యవహరిస్తారు. నిజాం రాజ్యంలో ఈ పరిణామానికి చారిత్రక కారణం ఉంది. ఇటలీలోని టురిన్ నుంచి వచ్చిన సెయింట్ ఆన్ సభ సిస్టర్లు 1871లో సికింద్రాబాద్‌లో పాఠశాల స్థాపించిన నాటి నుంచి కన్యస్త్రీని ప్రజలు చూసినది ప్రధానంగా బడిలో, ఆసుపత్రిలో. ఆమె చేసే పని అందరికీ కనబడుతుంది. ఆమె ఇచ్చిన మాటపట్టు కనబడదు. దైవపిలుపును గురించి ఆలోచించే యువతికి తొలి చిక్కు ఇక్కడే ఎదురవుతుంది. ఆమెను ఆకర్షిస్తున్నది ఉపాధ్యాయ వృత్తా, వ్రతజీవితమా అన్నది ఆమెకే స్పష్టం కాకపోవచ్చు.

తెలుగు కతోలిక పరిభాషలో వ్రతాన్ని 'మాటపట్టు' అంటారు. పేదరికం, బ్రహ్మచర్యం, విధేయత అనే మూడింటికి సంబంధించిన మాట అది. బడి, వైద్యం, సంఘసేవ చేసే సిస్టర్లను లాటిన్ సంప్రదాయం 'సొరోరెస్' అనీ, కార్మెల్ మఠాల వలె గోడల లోపల ప్రార్థనకే అంకితమైన వారిని 'మొనియాలెస్' అనీ వేరుచేస్తుంది. తెలుగు వ్యవహారంలో ఇద్దరూ కన్యస్త్రీలే. రెండవ మార్గంలో బయటికి చూపగల పని ఏదీ లేదు గనుక, పిలుపు అంటే ఏమిటన్న ప్రశ్న అక్కడ మరింత సూటిగా నిలుస్తుంది.

ఆశ్రయమా, పిలుపా?

1931లో పూర్తయిన నిజాంసాగర్ నీటితో చెరకు సాగు విస్తరించింది. 1937లో బోధన్ శక్కర్‌నగర్‌లో నిజాం చక్కెర కర్మాగారం వెలసింది. అది 2015 డిసెంబరులో మూతపడింది. జిల్లాలో స్త్రీలకు దొరికే పనిలో బీడీలు చుట్టడం ముఖ్యమైనది. పురుషులలో ఎందరో గల్ఫ్ దేశాలకు వలస వెళ్తారు. కట్నం బరువు సరేసరి. ఇటువంటి చోట ఒక అమ్మాయి 'సిస్టర్ అవుతాను' అంటే, చదువు కోసమా, పెళ్లి తప్పించుకోవడానికా అని బంధువులు అడగడం సహజం. ఈ అనుమానాన్ని అవిశ్వాసంగా కొట్టివేయడం సరికాదు. తిరుసభ చట్టం కూడా అదే ప్రశ్న వేస్తుంది.

1983 నాటి చట్టసంహితలోని 643వ నిబంధన ప్రకారం 17 ఏళ్లు నిండనివారిని నొవిషియేట్‌లో చేర్చుకుంటే ఆ ప్రవేశం చెల్లదు. బలవంతం, తీవ్రభయం, మోసం వల్ల చేరినా చెల్లదు. నొవిషియేట్ కనీసం 12 నెలలు. ఆపైన తాత్కాలిక మాటపట్టు కనీసం 3 ఏళ్లు. నిత్య మాటపట్టుకు 21 ఏళ్లు నిండాలి. ధ్యానమఠాలకు 2018లో వెలువడిన 'కోర్ ఒరాన్స్' ఆదేశం తొలి శిక్షణను 9 ఏళ్లకు తగ్గకుండా విధించింది. దానికి రెండేళ్ల ముందు పోప్ ఫ్రాన్సిస్ జారీచేసిన 'వుల్తుమ్ దేయి క్వేరెరే', మఠాన్ని బతికించుకోవడం కోసమే పరదేశాల నుంచి అభ్యర్థినులను తెచ్చుకోరాదని కచ్చితంగా నిషేధించింది. పేదరికం గల ప్రాంతాల యువతులకు ఈ వాక్యం ఎంత అవసరమో వేరే చెప్పనక్కరలేదు.

అయితే ఆర్థిక అవసరం ఉన్నంత మాత్రాన పిలుపు అబద్ధమని తేల్చడం కూడా తొందరపాటే. మానవ నిర్ణయాలలో కలగలుపు లేనివి అరుదు. బడి ఆశతో అడుగుపెట్టినవారిలో ప్రార్థన పట్ల తృష్ణ క్రమంగా మేల్కొనవచ్చు. గొప్ప భక్తితో వచ్చినవారు ఉమ్మడి జీవితానికి తాళలేకపోవచ్చు. తేల్చవలసినది కాలమే గనుక చట్టం ఏళ్లను విధించింది.

లొయోలా ఇగ్నేషియస్ రచించిన 'ఆధ్యాత్మిక సాధనలు' 1548లో పోప్ ఆమోదం పొందింది. మనసు ఎండిపోయి, దేవుడు దూరమైనట్లు తోచే కాలంలో అంతకుముందు చేసిన నిర్ణయాన్ని మార్చవద్దని అది బోధిస్తుంది. తనకు ముఖపరిచయమైనా లేని వ్యక్తి ఇదే స్థితిలో ఉంటే ఏ సలహా ఇస్తావో ఆలోచించుకొమ్మంటుంది. మార్గదర్శకునికి విధించిన నియమం మరింత గమనార్హం. సాధన జరుగుతున్నంత కాలం అతడు అభ్యాసిని మఠజీవితం వైపు గాని, మరో జీవితం వైపు గాని మొగ్గేలా చేయరాదు. తక్కెడ ముల్లులా మధ్యలో నిలవాలి. పిలుపుల ప్రచార శిబిరాలు నిర్వహించే వారికి ఈ నియమం ఇబ్బందికరమే.

గుంటూరు ఉదాహరణ

తెలుగు నేలపై ఇటువంటి వివేచనకు స్పష్టమైన దాఖలా మేరీ గ్లౌరీ జీవితం. ఆస్ట్రేలియాలో 1887లో పుట్టి, 1910లో మెల్‌బోర్న్‌లో వైద్యపట్టా పొందిన ఆమె, 1915లో స్కాట్లాండ్ వైద్యురాలు ఆగ్నెస్ మెక్‌లారెన్‌ను గురించిన చిన్న పుస్తకం చదివింది. భారతదేశానికి వెళ్లాలన్న తలంపు అప్పుడే స్థిరపడింది. అయినా బయలుదేరడానికి నాలుగేళ్లకు పైగా పట్టింది. ఈలోగా 1919లో ఎం.డి. పూర్తిచేసి, 1920లో గుంటూరు చేరి, జీసస్ మేరీ జోసెఫ్ సభలో ప్రవేశించింది. మఠస్త్రీలు వైద్యం చేయడానికి అప్పటి చట్టం ఒప్పుకోదు. ఆమెకు పోప్ ప్రత్యేకానుమతి కావలసి వచ్చింది. ఆ ఆంక్షను రోమ్ 1936లో సడలించింది. ఆమె స్థాపించిన కతోలిక ఆసుపత్రుల సంఘం 1943 నాటిది. వృత్తి చేతిలో ఉన్న స్త్రీ మఠాన్ని ఎంచుకున్నది గనుక, అక్కడ ఆశ్రయమన్న అనుమానానికి చోటు తక్కువ. బోధన్ అమ్మాయికి ఆ సౌకర్యం లేదు. ఆమెను ముందు డిగ్రీ పూర్తిచేయమనడం పిలుపును వాయిదా వేయడం కాదు, ఎంపికను నిజమైన ఎంపిక చేయడం.

తిరిగివచ్చినవారు

1917 నాటి చట్టం ధ్యానమఠాలలో చేరే స్త్రీ కట్నం తేవాలని కోరేది; ఆమె వెళ్లిపోతే దాన్ని తిరిగి ఇచ్చేయాలని కూడా చెప్పేది. 1983 సంహితలో ఆ కట్నం లేదు. 653వ నిబంధన ప్రకారం నొవిస్ ఎప్పుడైనా స్వేచ్ఛగా వెళ్లిపోవచ్చు. 702వ నిబంధన ప్రకారం సభను వీడినవారు అక్కడ చేసిన పనికి ప్రతిఫలం అడగలేరు. అయితే సభ వారిపట్ల న్యాయంతోనూ, సువార్త బోధించే ప్రేమతోనూ వ్యవహరించాలి. ఆ ప్రేమకు కొలత మాత్రం చట్టంలో రాసిలేదు. చట్టం దృష్టిలో వెళ్లిపోవడం వివేచనలో ఒక భాగం. ఊరి దృష్టిలో అది పెళ్లి చెడి పుట్టింటికి చేరడం వంటిది. ఇరవై నాలుగేళ్ల వయసులో ఇల్లు చేరిన యువతికి పట్టా ఉన్నదా, బ్యాంకు ఖాతా ఉన్నదా అన్న ప్రశ్నలను మఠం ఆమె చేరిన రోజునే వేసుకోవలసి ఉంటుంది.