కాల్చి మాన్పే వెలుతురు

పలాసలో జీడిపిక్కలు కొట్టే ఆడవాళ్ళ వేళ్ళు చూస్తే మన చర్మం గుణం తెలుస్తుంది. పెంకులోని జీడి తగిలిన చోట పొర కాలి ఊడుతుంది, మానాక నల్లగా మిగులుతుంది. చామనఛాయ చర్మం దెబ్బ తగిలిన ప్రతిసారీ రంగు ఎక్కువ పోసుకుంటుంది. గిల్లిన మొటిమ మచ్చ నెలల తరబడి పోకపోవడం కూడా అందుకే. మొటిమలు మిగిల్చిన గుంటలు పోగొట్టుకోవడానికి ఇంట్లోనే లేజర్ పెట్టుకుందామనుకునే శ్రీకాకుళం, విజయనగరం కుర్రకారు ముందు ఇది తలుచుకోవాలి. ఆ యంత్రం చేసేదీ కాల్చడమే మరి!

1960లో థియొడోర్ మైమన్ కెంపు కడ్డీతో మొదటి లేజర్ వెలిగించాడు. కొద్ది ఏళ్ళకే సిన్సినాటిలో లియోన్ గోల్డ్‌మన్ అనే చర్మవైద్యుడు దాన్ని చర్మం మీద పరీక్షించాడు. గుంటల పని పట్టే లేజర్ మాత్రం 1964లో మనవాడి చేతిలో పుట్టింది. బారామతిలో పుట్టిన కుమార్ పటేల్ అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో కార్బన్ డయాక్సైడ్ లేజర్ చేశాడు. దాని కాంతిని నీరు పీల్చేస్తుంది. చర్మంలో నీటి పాలే ఎక్కువ గనక పై పొర క్షణంలో ఆవిరైపోతుంది. 1990లలో డాక్టర్లు ముఖమంతా ఇలా పొర తీసేవారు. గాయం మానేటప్పుడు కింద కొత్త కొల్లాజెన్ పుట్టి గుంటలు కొంత పూడేవి. ఈలోగా ముఖం వారం రెండు వారాలు పచ్చిపుండే. తెల్లవాళ్ళు ఎలాగో తట్టుకున్నారు గానీ, మన రంగు వాళ్ళకు మచ్చ పోయి మరకొచ్చే పని అది.

2004లో బోస్టన్‌లో డీటర్ మాన్‌స్టైన్, రాక్స్ ఆండర్సన్ బృందం దారి మార్చింది. ఇంచుమించు వెంట్రుక మందాన, కంటికి ఆనని నిలువు గాయాలు వేలకొద్దీ చేసి, వరి ఉబాల్లో కుదురుకీ కుదురుకీ మధ్య ఎడం వదిలినట్టు, నడుమ మంచి చర్మాన్ని వదిలేశారు. ఆ పక్క కణాలే ఒకటి రెండు రోజుల్లో గాయాన్ని కప్పేస్తాయి. దీనికే ఫ్రాక్షనల్ లేజర్ అని పేరు.

ఇంటి లేజర్ దాని చిన్న తమ్ముడు. 2010 ప్రాంతంలో పాలోవియా, తర్వాత ట్రియా అమెరికా బజారులోకి వచ్చాయి. 1,410, 1,440 నానోమీటర్ల కాంతి. అలవాటు లేని చెయ్యి పట్టుకున్నా ముఖం కాలిపోకుండా శక్తి బాగా తగ్గించారు. తగ్గించాక వేడి లోతుకెలా పోతుంది? పాలోవియాకు అమెరికా నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఇచ్చిన అనుమతి కళ్ళ చుట్టూ ఉండే సన్నని ముడతలకు. మొటిమ గుంటలకు కాదు.

ఆన్‌లైన్‌లో లేజర్ అని అమ్మేవాటిలో చాలావరకు వెంట్రుకలు తీసే ఐపీఎల్ అనే మెరుపు దీపాలు. అవి వెతికేది నీటిని కాదు, నల్లరంగును. గుంట పూడ్చవు సరికదా, నల్లని చర్మాన్నే కాలుస్తాయి. నాకైతే వాటి మీద బొత్తిగా నమ్మకం లేదు.

కొనేముందు అద్దంలో చూసుకోండి, వెలుగు పక్క నుంచి పడాలి. నీడ పడకపోతే అది గుంట కాదు, ఉత్త మరక. కళింగపట్నం ఎండలో తిరిగేవాళ్ళయినా సన్‌స్క్రీన్ మానకపోతే నెలల్లో పలచబడుతుంది. బుగ్గ సాగదీస్తే మాయమయ్యే పల్లానికి లేజర్ కొంత పనికొస్తుంది. సూదితో పొడిచినట్టున్న లోతు గుంటకు ఇంటి యంత్రం కాంతి అందదు. దానికి డాక్టరు ఆ గుంటలోనే ఆమ్లం చుక్క పెట్టడమో, దాన్ని కోసి తీయడమో చేస్తారు.