పాపి అన్న పద్దు ఎవరి ఖాతాలో?

తిరువళ్ళూరు నుంచి తిరుత్తణికి రైలెక్కినప్పుడల్లా, 1888లో అక్కడ పుట్టిన మన సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు గుర్తొస్తారు. తిరుపతి, వేలూరు, మద్రాసు మిషనరీ విద్యాసంస్థల్లో చదివారు. హిందూధర్మంపై అక్కడ విన్న విమర్శలే 1908లో వేదాంత నీతిపై ఆయన చేత సిద్ధాంతవ్యాసం రాయించాయి.

“మనిషి పాపి” అన్న క్రైస్తవుల మాట మనకు కటువుగానే తోస్తుంది. అయితే మనిషిని దేవుడు తన స్వరూపంలో సృష్టించాడన్నదీ బైబిలే, అందరూ పాపం చేశారన్నదీ బైబిలే.

ఈ రెండూ ఎలా పొసగుతాయో తిరువళ్ళూరులో పనిచేసేటప్పుడు తెలిసింది. ఒకరోజు క్యాషు తగ్గితే క్రైస్తవ సహోద్యోగిని అనుమానించాను. తీరా చూస్తే పొరపాటు నా కూడికలోనే! క్షమించమంటే, “నేనూ పాపినేనండీ” అని నవ్వి కాఫీ తెప్పించారు.

పాపి అన్నది ఎదుటివారిపై వేసే ముద్ర కాదు, ముందు తన ఖాతాలో రాసుకునే పద్దు. అలా రాసుకున్న ఆయనలోనే నాకు దేవుని స్వరూపం కనిపించింది.