ప్రళయకావేరి ఒడ్డున పులికాటు: ఒక రేవుగ్రామమున తెలుగువారి జాడలు

తమిళనాడునందలి తిరువళ్ళూరు జిల్లాలో, పొన్నేరికి తూర్పుగా, ఉప్పునీటి సరస్సు సముద్రముతో కలియు చోట పులికాటు అను చిన్న యూరు కలదు. తమిళులు దీనిని పళవేర్కాడు అందురు. చెన్నపట్టణమునకు ఉత్తరముగా ఇది సుమారు 60 కిలోమీటర్ల దూరమున నున్నది. చూడవచ్చువారిలో పెక్కుమంది డచ్చివారి సమాధులను చూచి, సరస్సుపై కొంతసేపు పడవలో తిరిగి మరలిపోవుదురు. ఆ సమాధులు చూడదగినవే. కాని ఆ రేవును ప్రపంచమునకు ఎరుకపరచినవారిలో తెలుగు వర్తకులును, నేతగాండ్రును ఉన్నారు. సమాధిఫలకములపై వారి పేరులుండవు. వారి చరిత్రను తెలిసికొని ఆ యూరికి పోయినగాని, అచ్చటి వారసత్వము పూర్తిగా కనబడదు.

ఊరికి ప్రాణము సరస్సు. మన దేశమునందలి ఉప్పునీటి సరస్సులలో చిలుక తరువాత ఇదియే పెద్దది. తెలుగువారు దీనిని ప్రళయకావేరి యనియు పిలుతురు. శ్రీహరికోట దీవి దీనిని బంగాళాఖాతమునుండి వేరుచేయుచున్నది. సరస్సులో అధికభాగము ఆంధ్రప్రదేశమునకు చెందినది. దక్షిణపు కొస మాత్రము తమిళనాడులో నున్నది. ఆ కొసయందే ఆరణియారు వచ్చి కలియును, సముద్రపు మొగ తెరచుకొనును, పులికాటు గ్రామము నిలిచియున్నది. మొగ ఇసుకతో పూడిన నీటి రాకపోకలు తగ్గును. అప్పుడు చేపలు, రొయ్యలు తగ్గి బెస్తల జీవనము కష్టమగును.

మొగ ఉన్నచోట రేవు ఏర్పడుట సహజము. పదునారవ శతాబ్దారంభమున బుడతకీచులు ఇచ్చటికి వచ్చి స్థిరపడిరి. డచ్చివారు 1606 ప్రాంతమున మచిలీపట్నమున వర్తకమారంభించి, పిమ్మట దక్షిణమునకు దృష్టి మరల్చిరి. అప్పటికి తళ్ళికోట యుద్ధమై నలువది యేండ్లు గడచినవి. విజయనగర ప్రభువు వెంకటపతిరాయలు చంద్రగిరి, వేలూరు కోటలనుండి పాలించుచుండెను. ఆయన అనుమతితో 1610లో డచ్చివారు పులికాటులో కాలూనిరి. 1612లో బుడతకీచులు వారి వర్తకశాలపై దాడి చేసిరి. దానికి మారుగా 1613లో గెల్డ్రియా అను కోట లేచినది. కోరమండల తీరమునందలి డచ్చి వ్యాపారమునకు అదియే ప్రధానస్థానమైనది. కోటలో టంకసాల యుండెడిది. తుపాకిమందును ఇచ్చటనే తయారుచేసి ఓడలకెక్కించెడివారు.

కోట డచ్చివారిదే యైనను, సరకును సమకూర్చినది ఈ నేలవారు. ఆ కాలపు డచ్చి పత్రములలో తరచుగా వినవచ్చు పేరు మలయ. ఇతని అసలు పేరు అచ్యుతప్ప సెట్టి; బలిజ కులస్థుడు. ఇతడు డచ్చివారికిని దేశీయ ప్రభువులకును నడుమ దుబాసిగాను, మధ్యవర్తిగాను వ్యవహరించెను. స్వయముగా ఓడలు నడపించెను, రెవిన్యూ ఇజారాలు పట్టెను. 1634లో ఇతడు మరణించిన పిదప సోదరుడు చిన్నన్న ఆ వర్తకమును కొనసాగించెను. కంపెనీవారికి వీరి సహాయము ఎంత అవసరమో, వీరి పలుకుబడి అంత భయహేతువుగా నుండెను.

వర్తకమునకు మూలము వస్త్రము. సుగంధద్రవ్యములు పండు తూర్పుదీవులలో కోరమండలపు బట్టయే మారకపు సరకు. ఇచ్చటి బట్టనిచ్చి అచ్చట జాజికాయ, లవంగము కొనెడివారు. అందుచేత సాలెలు, దేవాంగులు, కైక్కోలరులు మొదలగు నేతగాండ్ర మగ్గములు దూరదేశపు వర్తకమును మోసినవని చెప్పవచ్చును. చిరివేరుతో అద్దిన ఎరుపురంగు ఈ తీరపు బట్టలకు ప్రత్యేకత. గళ్ళబట్టకు ఊరి పేరే పేరైనది. మలయాదేశమున గళ్ళలుంగీని నేటికిని పెలెకాట్ అందురు. పదునెనిమిదవ శతాబ్దాంతమున స్కాట్లండునందు గ్లాస్గో మగ్గములపై నేసిన రంగు చేతిగుడ్డలకును పులికాటు పేరే పెట్టిరి. ఊరు చిన్నదైనను పేరు సముద్రములు దాటినది.

ఈ వైభవమునకు చీకటివైపును కలదు. కరవుకాలములందు ఆకలికి తాళలేక అమ్ముడుపోయిన మనుష్యులను డచ్చి ఓడలు ఈ రేవునుండి బానిసలుగా బటావియాకు తరలించినవి. కోటను చూచువారు దీనిని మరువరాదు.

1690లో డచ్చివారి ప్రధానస్థానము నాగపట్టణమునకు మారినది. 1824 నాటి సంధి ననుసరించి 1825లో పులికాటు ఇంగ్లీషువారికి దక్కినది. నేడు కోట యున్నచోట కందకపు జాడయు, పొదలు కప్పిన దిబ్బయు మిగిలినవి. దాని చెంతనున్న శ్మశానవాటికను పురావస్తుశాఖ రక్షించుచున్నది. ద్వారమునకు ఇరువైపుల చెక్కిన అస్థిపంజరములు జీవితము క్షణికమని బోధించుచు నిలిచియున్నవి. ఊరిలో ఆదినారాయణ పెరుమాళ్ కోయిల, ప్రాచీనమైన మసీదులు చూడదగినవి. ముస్లిము స్త్రీలు తాటియాకుతో అల్లు బుట్టలు కొనదగినవి. చలికాలమున సరస్సులో రాజహంసల గుంపులు దిగును. ఊరు చేరుటకు పొన్నేరి రైలుస్టేషనునుండి బస్సులు కలవు.

1960 ఏప్రిలు 1న ఆంధ్ర, మద్రాసు రాష్ట్రముల సరిహద్దులు సవరింపబడినవి. సత్యవేడు ప్రాంతము ఆంధ్రప్రదేశమున చేరగా, పొన్నేరి తాలూకాలో మిగిలిన భాగము పులికాటుతో సహా మద్రాసు రాష్ట్రముననే యుండెను. గీత నేలపై పడినదిగాని నాలుకపై పడలేదు. పొన్నేరి, గుమ్మిడిపూండి ప్రాంతములలో తరతరములుగా ఇంట తెలుగు మాటాడు కుటుంబములున్నవి. అట్లే ఎగువన నెల్లూరు తీరమున పట్టపువారు తమిళమునకు చెందిన పలుకును నిలుపుకొనియున్నారు. ఒక భాష అటు, ఒక భాష ఇటు ప్రవహించుటయే ఈ తీరపు స్వభావము. స. వెం. రమేశ్ 'ప్రళయకావేరి కథలు' ఈ సరస్సుచుట్టు నున్న తెలుగు బ్రతుకును అచ్చటి పలుకుబడితోనే గ్రంథస్థము చేసినవి.

అయినను బడిలో చదువని భాష ఇంటి మాటగా మాత్రమే మిగులును. వ్రాతకెక్కని మాట మనిషితో పోవును. వలల పేరులు, గాలుల పేరులు, చేపల పేరులు, మగ్గపు పనిముట్ల పేరులు పెద్దల నోట నున్నప్పుడే సేకరింపవలసియున్నది. డచ్చివారి సమాధులను రాయి కాపాడుచున్నది. తెలుగువారి జాడలకు అట్టి రాయి లేదు; అవి విని వ్రాసికొనువారి శ్రద్ధవలననే నిలువవలెను. పులికాటునకు పోవువారు కోటదిబ్బను చూచిన పిదప, ఒడ్డున వల బాగుచేసికొను వృద్ధునితో ఒక గడియ మాటాడి వచ్చుట మంచిది.